ఈడు వచ్చిన చిలుక ఏల కఱచును?

ఇండ్లలో చిలుకలను పెంచువారి నోట తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి గలదు. “పిల్లగా నున్నప్పుడు మా చేతిలోనే గింజలు తినెను, భుజముపై కూర్చుండి నిదురించెను, పిలిచినంతనే పలికెను. ఇప్పుడో, చేయి చాచినచో నెత్తురు వచ్చునట్లు కఱచుచున్నది. పంజరము దాపునకు ఎవరిని రానీయదు. ఇంటిలో ఒకరిని మాత్రము చేరనిచ్చి తక్కిన వారిపై పడుచున్నది” అని వారు వాపోవుదురు. పిమ్మట జరుగు సంగతి మఱింత విచారకరమైనది. కొందఱు ఆ పక్షిని కొట్టుదురు. కొందఱు పంజరముపై గుడ్డ కప్పి యొక మూల బెట్టి మఱచుదురు. మఱికొందఱు దాని నెవరికో యిచ్చివేయుదురు. లేదా తలుపు తెఱచి గాలిలోనికి వదలివేయుదురు. పంజరమున పుట్టి, గిన్నెలో పెట్టిన గింజ తప్ప వేఱొకటి యెఱుగని పరదేశపు పక్షి మన యాకాశమున బ్రదుక నేరదు; కాకులకో డేగలకో పాలగును. ఇట్లు కొన్ని వారములుండి తగ్గిపోవు ఋతుధర్మమును కృతఘ్నతగా నెంచినందున ఒక ప్రాణి తన యిల్లును, ఒక్కొక్కప్పుడు తన ప్రాణమును గోల్పోవుచున్నది. కావున ఆ కోపమునకు కారణమేమో, దాని నెట్లు శాంతింపజేయవచ్చునో తెలిసికొనుట పక్షిని పెంచు ప్రతి కుటుంబమునకును అవసరము.

అసలు విషయమునకు ముందు ఒక్క మాట చెప్పవలసియున్నది. మన తోటలలో గుంపులు గుంపులుగా నెగురు రామచిలుకలును, మన దేశపు అడవులలోని తక్కిన చిలుక జాతులును 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత రక్షింపబడుచున్నవి. వానిని పట్టుటయు, కొనుటయు, అమ్ముటయు, పంజరమున బంధించుటయు నేరములు. ఎవరింటనైన అట్టి పక్షి యున్నచో దానిని అటవీశాఖ వారికి అప్పగించుట న్యాయము. కావున ఈ వ్యాసము విదేశజాతుల పెంపుడు పక్షులను గూర్చినది. అవి యేవనగా, ఆస్ట్రేలియా దేశపు కాకటీలు, మన బజారులలో పలువురు “లవ్ బర్డ్సు” అని పిలుచు బడ్జెరిగారు, ఆఫ్రికా దేశపు బూడిదరంగు చిలుక మున్నగునవి. వీనిలో బూడిదరంగు చిలుక వంటి అరుదైన జాతులు అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలలో చేరియున్నవి. 2022లో మన చట్టము సవరింపబడినది. 2024లో నమోదు నియమములు ప్రకటింపబడినవి. కావున అట్టి జాతులను కలిగియున్నవారు వానిని ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను.

ఇక విషయమునకు వత్తము. చిలుకపిల్ల చిరకాలము పిల్లగా నుండదు. బడ్జెరిగారు ఒక సంవత్సరము నిండక మునుపే ఈడునకు వచ్చును. కాకటీలు ఇంచుమించుగా ఒక యేటికి పెద్దదగును. బూడిదరంగు చిలుకకు మూడు మొదలు ఐదేండ్లు, కొన్నింటికి అంతకంటె నెక్కువ కాలము పట్టును. పంచవన్నెల చిలుక లనబడు పెద్ద మకావులకును పలు సంవత్సరములు పట్టును. పక్షిని కొనునప్పుడు ఈ సంగతి చెప్పువారు అరుదు. చిన్నపిల్ల మచ్చికను చూచి మురిసి కొన్నవారికి కొన్ని నెలలకో కొన్ని యేండ్లకో ఈ మార్పు పిడుగువలె తోచును. నిజమునకు అది పిడుగు కాదు. వేళకు వచ్చిన వాన వంటిది.

ఈ మార్పును గలిగించునవి హార్మోనులు, అనగా శరీరమందలి కొన్ని గ్రంథులలో పుట్టి నెత్తురులో గలిసి దూరపు అవయవములపై పనిచేయు రసములు. ఆ పేరు 1905లో స్టార్లింగు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞునిచే వాడుకలోనికి వచ్చినది. కాని వాని పని పక్షులయందే అంతకు ముందుగా కనుగొనబడినది. 1849లో జర్మనీ దేశమందలి గోట్టింగెన్ నగరమున బెర్తోల్డు అను వైద్యశాస్త్రజ్ఞుడు ఆఱు కోడిపుంజు పిల్లలపై పరీక్ష చేసెను. వృషణములు తీసివేయబడిన పుంజులకు జుట్టు ఎదుగలేదు, అవి కూయలేదు, ఇతర పుంజులతో పోరాడను లేదు. వృషణము తీసి కడుపులో వేఱొక చోట నాటబడిన పుంజులు మాత్రము మామూలు పుంజులవలెనే జుట్టు పెంచి, కూసి, పోరాడెను. నాటిన చోట పాత నరముల సంబంధ మేమియు లేదు గనుక, ఆ ప్రభావము నెత్తురు ద్వారానే నడచినదని తేటపడినది. అనగా పుంజు పౌరుషము దాని దుర్గుణము కాదు. దాని నెత్తురులో తిరుగు రసముయొక్క ఫలము. చిలుక కోపమును గూర్చియు ఇట్లే తలంపవలెను.

ఆ రసములు ఏడాది పొడవున ఒకే రీతిగా ఊరవు. పక్షులలో గుడ్లు పెట్టు కాలము గడచినంతనే ఆ గ్రంథులు చిన్నవై ముడుచుకొని, మరల ఋతువు వచ్చినప్పుడు అనేక రెట్లు పెరుగును. ఋతువు వచ్చినదని పక్షి యెట్లు గ్రహించును? కెనడా దేశమున రోవను అను జంతుశాస్త్రజ్ఞుడు మంచు గురియు చలికాలమున కొన్ని చిన్న పిట్టలను ఆరుబయటి పంజరములలో నుంచి, సాయంకాలమున విద్యుద్దీపములు వెలిగించి, వాని పగటిని దినదినము కొంత పొడిగించెను. చలి యెంత యున్నను, పగలు పెరిగినందున ఆ పిట్టల గ్రంథులు వసంతకాలమున వలె పెరిగెను. ఈ ఫలితమును ఆయన 1925లో ప్రకటించెను. పిదప ఫ్రాన్సు దేశమున బెన్వా అను శాస్త్రజ్ఞుడు బాతులపై చేసిన పరీక్షలవలన, కన్నులు లేకున్నను వెలుతురు పుఱ్ఱె గుండ ప్రసరించి మెదడు లోతునందలి భాగమును తాకగలదని తెలియవచ్చెను. ఆ భాగము మెదడు క్రిందనున్న పీయూషగ్రంథిని మేల్కొలుపును. పీయూషగ్రంథి సంతానగ్రంథులను మేల్కొలుపును. అవి తమ రసములను నెత్తురులోనికి వదలును. ఇదియే గొలుసు.

వెలుతు రొకటే గాదు, ఆహారమును గుఱుతే. ఆస్ట్రేలియా నడుమనున్న మెట్టభూములలో బడ్జెరిగారులు తేదీలను బట్టి గూడు కట్టవు; వాన కురిసి గడ్డి గింజకట్టినప్పుడు కట్టును. కడుపునిండ గింజ, గ్రుడ్లకు తగిన తొఱ్ఱ, ప్రక్కన జత అను మూడును గూడినప్పుడు పిల్లలను పెంచుటకు ఇదియే తరుణమని పక్షి శరీరము తీర్పు చెప్పును.

ఇప్పుడు మన యిండ్లను చూతము. హైదరాబాదు ప్రాంతమున మిక్కిలి పొడవైన పగలు సుమారు 13 గంటలు, మిక్కిలి పొట్టిది సుమారు 11 గంటలు. కాని ఉదయము ఆఱు గంటలకు లేచి రాత్రి పదునొకండు వఱకు దీపములును టెలివిజనును నడుచు గదిలోని పంజరమునకు పగలు 17 గంటలు! అట్టి దీర్ఘమైన పగలు ఆ పక్షి పూర్వులు తమ దేశమున నెన్నడును చూచియుండవు. గిన్నెలో ప్రొద్దుతిరుగుడు గింజ లెప్పుడును నిండియుండును. మూలనొక పెట్టెయో కుండయో వ్రేలాడుచుండును. రోజంతయు ఒకరు వీపు నిమురుచుందురు. అడవిలో ఏడాదికొకసారి వచ్చి పోవు వసంతము మన యింట పన్నెండు నెలలును నిలిచియుండును. పక్షి కోపము పోకుండుటకు ముఖ్య కారణ మిదియే.

నిమురుటను గూర్చి మఱికొంత చెప్పవలెను. చిలుకలు జతగట్టు పక్షులు. జతలోని రెండును ఒండొరుల తలయు మెడయు దువ్వుకొనుట స్నేహచిహ్నము. వీపును, రెక్కల క్రిందను, తోక మొదటను తాకుట స్నేహము కాదు. అది జతకూడుటకు పిలుపు. పిల్లలు కుక్కను నిమిరినట్లు చిలుక వీపును ప్రేమతో నిమురుదురు. పక్షి దానికి వేఱొక యర్థము చేసికొని, ఆ మనుష్యుని తన జతగా నెంచును. అంతట అతనిని కాపాడుకొనుట దాని విధియగును. దగ్గఱకు వచ్చిన తల్లియైనను తమ్ముడైనను దానికి పగవారే. ఎవనిని జతగా నెంచెనో అతడు తాను కోరినట్లు నడవకున్నచో, అతనినే కఱచుటయు గలదు. ఇక ఆడపక్షి తొఱ్ఱను కాచునప్పుడు మగదానికంటె భయంకరముగా నుండును. బడ్జెరిగారులలో తొఱ్ఱకై ఆడపక్షులు ఒకదానినొకటి చంపుకొనుటయు గలదు.

పక్షి కఱచుటకు ముందు హెచ్చరిక యిచ్చును. మనము చదువ నేర్వలేదు గాని అది చెప్పకుండ కఱచుట అరుదు. కనుపాప తటాలున చిన్నదై మరల పెద్దదగుచుండుట, మెడ వెనుకటి ఈకలు నిక్కుట, తోక విసనకఱ్ఱవలె విప్పుట, ముక్కు తెఱచి మెడ ముందునకు సాచుట, పంజరము తలుపునకు అడ్డముగా నిలుచుట, ఇవి “దూరముండుము” అను మాటలు. తిన్నదానిని కక్కి యెవరికో పెట్టజూచుట, రెక్కలు వ్రేలాడవేసి వంగి కూర్చుండుట, బీరువా వెనుకను మంచము క్రిందను చీకటి మూలలు వెదకుట, కాగితములను చీల్చి ప్రోగుచేయుట, ఇవి ఋతువు వచ్చినదనుటకు గుఱుతులు. వీనిని చూచినప్పుడు చేయి చాపకుండుటయే మొదటి వివేకము. ప్రతి కాటును పక్షికొక పాఠము నేర్పును. కఱచినచో మనుష్యుడు తొలగిపోవునను పాఠమది. కావున కాటును పొందకుండుటయే కాటును మాన్పించు మార్గము.

శాంతింపజేయు ఉపాయములలో మొదటిది చీకటి. ప్రతిరాత్రియు 12 గంటలు, ఋతువు తీవ్రముగా నున్నప్పుడు 14 గంటల వఱకును, చీకటియు నిశ్శబ్దమును గల చోట దానిని నిదురింపనీయవలెను. సాయంకాలము ఆఱు గంటలకు వేఱొక గదిలోని చిన్న పంజరమునకు మార్చి, ఉదయము ఆఱింటికి వెలుపలికి తెచ్చుట మంచి యేర్పాటు. గాలి యాడని మందపు దుప్పటి కప్పుట మన యెండకాలమున అపాయకరము. గదియే చీకటిగా నుండవలెను. ఒకనాడు పాటించి ఒకనాడు మానినచో ఫలము లేదు. కొన్ని వారములు తప్పక నడపినచో మార్పు కానవచ్చును.

రెండవది గూటిని తలపించు వస్తువులను తొలగించుట. పెట్టెలు, కుండలు, గుడ్డ గుడిసెలు, కాగితపు ప్రోగులు, అద్దములు పంజరమున నుండరాదు. అద్దములోని ప్రతిబింబమును పక్షి జతగా నెంచి దానికి మేత పెట్టును, దానికొఱకు పోరాడును. పంజరమున కొమ్మల వరుసను మార్చుట, పంజరమునే వేఱొక గోడ ప్రక్కకు జరుపుట మేలు. నా స్థలమను పట్టుదల దానివలన సడలును. బీరువాల వెనుకకు, సోఫాల క్రిందికి పోనీయకుండ కాచుకొనవలెను.

మూడవది ఆహారము. ప్రొద్దుతిరుగుడు గింజలు, వేరుసెనగలు, నూనె పదార్థములు, వెచ్చని మెత్తని అన్నపు ముద్దలు తగ్గింపవలెను. పక్షులకై తయారుచేయబడిన పెల్లెట్లు, ఆకుకూరలు, క్యారెట్టు, కొద్దిగా కొఱ్ఱలు సజ్జలు పెట్టవలెను. పాత మేత నొక్కసారిగా మాన్పింపరాదు. తినక చచ్చు పక్షులు గలవు. కొన్ని వారములలో మెల్లమెల్లగా మార్పవలెను. మఱియు మేతను గిన్నెలో పోయుటకంటె, జామకొమ్మల నడుమను, మొక్కజొన్న కంకులందును దాచి వెదకుకొన జేయుట మంచిది. అడవిలో చిలుక పగటిలో పెక్కు గంటలు మేతకై తిరుగును. ఆ పని లేని పక్షి తన బలమంతయు గొంతునను ముక్కునను వెచ్చించును. గదిలో ఎగురనిచ్చుటయు, దినము విడిచి దినము స్నానమునకు నీరు పెట్టుటయు ఆ బలమునకు మంచి దారులు. ఎగురవిడుచుటకు ముందు తలుపులు మూసి, పంకా ఆపవలెను.

నాల్గవది మన చేతుల అదుపు. తలయు మెడయు తప్ప తక్కిన చోట తాకరాదని యింటిల్లపాదికి, వచ్చిన చుట్టములకును చెప్పవలెను. ఈ కాలమున భుజము నెక్కనీయరాదు. కన్నును పెదవియు ముక్కునకు దగ్గఱగా నుండును గనుక కాటు ప్రమాదకరమగును. మేత పెట్టుట, పంజరము శుభ్రపఱచుట, మాటలాడుట అను పనులను ఒక్కరే చేయక యింటివారందఱు పంచుకొనవలెను. అట్లయిన ఒక్కరినే జతగా నెన్నుకొను పట్టు వదలును.

ఐదవది శిక్షణ. ఇది దండన కాదు. కొట్టుటవలనను, ముక్కుపై తట్టుటవలనను, నీళ్లు చల్లుటవలనను చిలుక నేర్చునది భయ మొక్కటే. భయపడిన పక్షి మఱింత కఱచును. గట్టిగా కేక వేసినను లాభము లేదు. అల్లరిని వేడుకగా నెంచి మరల అదే పని చేయు చిలుకలు పెక్కు గలవు. ఒక పొడవైన పుల్లను దీసికొని, పక్షి దాని కొనను ముక్కుతో మెల్లగా తాకినప్పుడెల్ల “భేష్” అని, దానికి మిగుల ప్రియమైన గింజ నొకదానిని ఇయ్యవలెను. ఆ గింజ వేఱొక వేళ పెట్టరాదు. పక్షి పుల్ల వెంట నడచుట నేర్చిన పిదప, దాని సాయమున పంజరములోని యొక కొమ్మపై నుండి మఱియొక కొమ్మకును, పంజరమునుండి వెలుపలికిని రప్పింపవచ్చును. చేతి నెక్క నొల్లని రోజులలో చేతికి బదులు ఒక కఱ్ఱను ముందుంచి దానిపై నెక్కించుకొనవలెను. దినమునకు రెండు మూడు మాఱులు, ఐదేసి నిమిషములు చాలును. పక్షి హెచ్చరిక యిచ్చినంతనే పాఠము నాపి, అది నెమ్మదించిన పిదప సాగింపవలెను. దాని మాటను మనము విన్నచో, అది కఱచి చెప్పవలసిన యక్కఱ యుండదు.

జతను తెచ్చి యిచ్చినచో శాంతించునని కొందఱి తలంపు. అది నిశ్చయము కాదు. రెండు పక్షులు పోరాడవచ్చును. లేదా జతగూడి, గూటిని కాపాడుకొనుటకు మునుపటికంటె తీవ్రముగా కఱవవచ్చును. ఒంటరి ఆడ కాకటీలు మగపక్షి లేకయే గుడ్లు పెట్టుటయు గలదు. ఆ గుడ్లు పొదుగవు. వానిని వెంటనే తీసివేసినచో కొఱత తీర్చుటకు అది మరల మరల పెట్టుచు, ఎముకలలోని సున్నమును గోల్పోయి నీరసించును. కావున ఆ గుడ్లనే గాని, బదులుగా బొమ్మ గుడ్లను గాని యుంచి, అది విసిగి విడుచువఱకు కూర్చుండనీయుట మేలు. సముద్రపు నురుగు అని బజారున దొరకు సున్నపు పెంకును పంజరమున కట్టవలెను. పక్షి ఈకలు విచ్చి, పంజరము అడుగున కూర్చుండి, ముక్కుచున్నచో గుడ్డు లోపల నిలిచిపోయినదని అనుమానింపవలెను. అది ప్రాణాపాయము, గంటలలో పశువైద్యునివద్దకు చేర్పవలెను.

ప్రతి కోపమును ఋతుకోపమే యనుకొనుటయు తప్పు. మునుపు నెమ్మదిగా నున్న పక్షి అకాలముగా కఱచుచు, మేత తగ్గించి, రెట్ట మారి, తన ఈకలను తానే పీకికొనుచున్నచో నొప్పియో రోగమో యుండవచ్చును. పక్షుల వైద్యము తెలిసినవారికి చూపవలెను. పై యుపాయములన్నియు చేసియు తగ్గనిచో, హార్మోనులను కొంతకాలము అణచు మందులను వారు ఇయ్యగలరు. ఇంటివారు తమంతట ఏ మందు నీయరాదు. కఱవబడిన వారు గాయమును సబ్బుతోను ధారాళమైన నీటితోను కడుగవలెను. లోతైన గాయమైనచో వైద్యునికి చూపవలెను.

కుక్కయు ఆవును వేలాది యేండ్లుగా మనుష్యునితో కలిసి బ్రదికి, తరతరముల యెన్నికచేత అతని తీరునకు అలవడినవి. చిలుకలు పెక్కు కొలది తరముల క్రిందట అడవినుండి వచ్చినవే. మచ్చికయైన చిలుక యనగా మనలను నమ్మిన అడవిపక్షియే గాని తన స్వభావమును విడిచినది కాదు. ఏటేట కొన్ని వారములు ఆ స్వభావము తల యెత్తును, మరల తగ్గును. ఆ వారములలో దానిని కాచినవారికి తక్కిన నెలల స్నేహము దక్కును.

తలిదండ్రులు తలంపవలసిన విషయ మింకొకటి గలదు. కాకటీలు పదునైదు, ఇరువది యేండ్లు బ్రదుకగలదు. బూడిదరంగు చిలుక నలుబదేండ్లకును పైబడి బ్రదుకగలదు. నేడు ఆఱవ తరగతి చదువు బాలుడు ముచ్చటపడి కోరిన పక్షి, అతడు ఉద్యోగమునకు పోయినప్పుడును, అతని పిల్లలు బడికి పోవునప్పుడును మేతకై పిలుచుచునే యుండవచ్చును. కొనక మునుపే ఇంటిలో అందఱు కూర్చుండి, ఇది పెద్దదై కఱచునప్పుడు ఏమి చేయుదుము, మనము ఊరు విడిచినచో ఎవరు చూతురు అని యోచింపవలెను. సమాధానము దొరకనిచో కొనకుండుటయే దయ. బడి ఆవరణలోని వేపచెట్టుపై వ్రాలు రామచిలుకలను చూచి సంతోషించుటకు పంజర మక్కఱలేదు. ఇదివఱకే పక్షిని కలిగియున్న బాలబాలికలు మాత్రము ఈ రాత్రినుండియే దీప మార్పి, దానికి చాలినంత చీకటి నిచ్చి, వీపుపైనుండి చేయి తీసి, దాని కన్నులు చెప్పు మాటను చదువ నేర్చుకొందురు గాక. నోరులేని జీవుల భావమును గ్రహించి మెలగుట బడిలో నేర్చు విద్యలలో నేదానికిని తీసిపోదు.